హెర్బల్ టీలు: కప్పులోకి దిగే రసాయనాలు, వాటి గుణదోషాలు

తేయాకు కాకుండా మరేదైనా మొక్క ఆకునో పువ్వునో, వేరునో బెరడునో, గింజనో వేడినీళ్లలో నానబెట్టి గానీ మరగకాచి గానీ వడగట్టుకుని తాగే పానీయాలన్నిటికీ ఇప్పుడు హెర్బల్ టీ అనే పేరు స్థిరపడింది. గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ టీ ఈ కోవలోకి రావు. ఆ మూడూ కెమీలియా సైనెన్సిస్ అనే ఒకే తేయాకు మొక్క నుంచి వచ్చేవే. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి రంగు మారనిచ్చే తీరులోనే వాటి మధ్య తేడా. తేయాకులో ఉండే కెఫీన్ హెర్బల్ టీల్లో చాలావాటికి ఉండదు. దక్షిణ అమెరికా వాళ్లు తాగే యెర్బా మాటే దీనికి పెద్ద మినహాయింపు.

పేరు కొత్తదే గానీ పద్ధతి మనకు కొత్త కాదు. మందుమొక్కల నుంచి సారం తీసే మార్గాలను ఆయుర్వేదం ఐదుగా విభజించి పంచవిధ కషాయ కల్పనలు అంది. పచ్చి ఆకును దంచి పిండితే స్వరసం, ముద్దగా నూరితే కల్కం, నీళ్లలో కాచి దించితే క్వాథం, చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం, వేడినీళ్లు పోసి కాసేపు ఉంచి వడగడితే ఫాంటం. శార్ఙ్గధర సంహిత వీటికి కొలతలు కూడా చెప్పింది. క్వాథానికి ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్లు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. హిమానికి ఆరు వంతులు, ఫాంటానికి నాలుగు వంతుల నీళ్లు చాలు. టీ బ్యాగును కప్పులో వేసి మూతపెట్టడం ఫాంటమే. శొంఠీ మిరియాలూ దంచి పొయ్యి మీద కాచేది క్వాథం. రాయలసీమలో నన్నారి కోసం సుగంధిపాల వేళ్లను నానబెట్టడం హిమానికి దగ్గర. ఆ వేరుకు పరిమళాన్నిచ్చేది 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్‌కు ఇది ఐసోమర్, అంటే రెండింట్లో ఉన్న పరమాణువులు అవే, అమరికే వేరు. ఆవిరితో పాటు ఎగిరిపోయే పదార్థం కాబట్టి ఎక్కువసేపు మరగకాచడం కంటే నానబెట్టడమే దానికి తగిన పని.

నీళ్లు ఏమి తీసుకుంటాయి

హెర్బల్ టీ గురించి వినిపించే గొప్పలు చాలావరకు ఆకుకు చెందినవి, కప్పుకు కావు. మొక్కలో ఒక రసాయనం ఉండటం ఒక విషయం, అది నీళ్లలోకి దిగడం రెండోది, అది పేగు గోడ దాటి రక్తంలో చేరడం మూడోది. ఈ మూడు మెట్లూ ఎక్కాకే గుణం గురించి మాట్లాడాలి.

మొదటి మెట్టు మీద ప్రధానంగా కనబడేవి రెండు వర్గాలు. ఒకటి సుగంధ తైలాలు. పుదీనాలో మెంథాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్, తులసిలో, లవంగంలో యూజెనాల్, వాములో థైమాల్, సోంపులో అనెథోల్ ఈ జాతివే. ఇవి నూనెలు కనుక నీళ్లతో సరిగా కలవవు, పైగా వేడికి ఆవిరై పోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడితే కప్పులోకి రావలసినది గాల్లోకి పోతున్నదన్న మాట. మూతపెట్టి నానబెట్టినా ఎండు పెప్పర్‌మింట్ ఆకులోని తైలంలో ఐదో వంతు, చామొమైల్ పూల తైలంలో పదింట ఒకటి రెండు వంతులు మాత్రమే నీళ్లలోకి వస్తాయి.

రెండో వర్గం పాలిఫినాల్స్. ఫ్లేవనాయిడ్లు, రోజ్‌మరినిక్ ఆమ్లం లాంటి ఫినాలిక్ ఆమ్లాలు, వగరునిచ్చే టానిన్లు, ఎరుపు నీలం రంగులిచ్చే ఆంథోసయానిన్లు దీని కిందికి వస్తాయి. మొక్కలో ఇవి తరచుగా చక్కెర అణువుతో ముడిపడి ఉంటాయి. ఆ ముడి వల్లనే నీటిలో తేలిగ్గా కరుగుతాయి. పెప్పర్‌మింట్ ఆకుల్లోని పాలిఫినాల్స్‌లో ముప్పావు వంతు దాకా మామూలు ఫాంటంలోకే దిగిపోతాయి. కాబట్టి వాసన తైలాలదైనా, కప్పులో ఎక్కువ భాగం నిజానికి ఈ వగరు పదార్థాలదే. వీటికి తోడు కొంత పొటాషియం, కొన్ని సేంద్రియ ఆమ్లాలు, కొన్ని మొక్కల్లో జిగురు పదార్థాలు, సపోనిన్లు, అరుదుగా ఆల్కలాయిడ్లు ఉంటాయి. పసుపులోని కర్క్యుమిన్ నీటికి దాదాపు లొంగదు. పసుపు కలిపిన వేడినీళ్ల కంటే పసుపు వేసి కాచిన పాలకే దాన్ని కలుపుకునే శక్తి ఎక్కువ, పాలలో కొవ్వు ఉంది కనుక.

ఇక్కడే ఆంటీఆక్సిడెంట్ అనే మాటను కాస్త తూచుకోవాలి. పరీక్షనాళికలో ఫలానా టీ ఇన్ని ఫ్రీ రాడికల్స్‌ను అణిచిందని డబ్బాల మీద రాసుకునే కాలం ఒకటి నడిచింది. పేగుల్లో పాలిఫినాల్స్ కొద్దిగానే శోషణమవుతాయి, చాలావరకు పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని వేరే పదార్థాలుగా విడగొడతాయి. నాళికలోని అంకె ఒంట్లోని ఫలితాన్ని చెప్పదు గనుక, ఆహారపదార్థాల ఆంటీఆక్సిడెంట్ విలువల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది. డబ్బాల మీది రాతలు మాత్రం ఇంకా పోలేదు.

గోంగూర పూల టీ

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో గట్టిగా నిలబడిన హెర్బల్ టీ ఏదంటే మొదట చెప్పవలసింది హైబిస్కస్ టీ. పేరు చూసి పెరటి మందారం అనుకునేవాళ్లున్నారు. అది హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. టీకి వాడేది హైబిస్కస్ సబ్దరిఫా, అంటే మన ఎర్ర గోంగూర, తెలంగాణలో పుంటికూర. మనం ఆకు దూసుకుని పచ్చడి చేస్తాం. ప్రపంచంలో చాలా చోట్ల ఈ మొక్కను పెంచేది పువ్వు రాలిన తర్వాత కాయ చుట్టూ కండబట్టి ఎర్రబడే రక్షకపత్రాల కోసం. వాటిని ఎండబెట్టి ఈజిప్టు, సుడాన్‌లలో కర్కడే, సెనెగల్‌లో బిస్సాప్, మెక్సికోలో ఆగ్వా ద హమైకా అనే పానీయాలు చేస్తారు. మన ఇళ్లలో ఈ కాయల పొట్టుతో పచ్చడి చేసుకునేవాళ్లు ఉన్నా, ఎక్కువ చేలల్లో అది విత్తనానికే మిగులుతుంది.

ఆ ముదురెరుపు డెల్ఫినిడిన్, సయనిడిన్ అనే ఆంథోసయానిన్ల సాంబుబయోసైడ్లది. పులుపు సిట్రిక్, మాలిక్ ఆమ్లాలతో పాటు ఈ మొక్క ప్రత్యేకత అయిన హైబిస్కస్ ఆమ్లానిది. పానీయం గట్టి ఆమ్లం కనుకనే రంగు అంత ఎర్రగా నిలుస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే ఆ ఎరుపు విరిగిపోతుంది.

అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, రక్తపోటు కాస్త ఎక్కువగా ఉండి ఇంకా మందులు వాడని 65 మంది పాల్గొన్నారు. కొందరికి రోజుకు 240 మిల్లీలీటర్ల చొప్పున మూడు కప్పుల హైబిస్కస్ టీ, మిగిలినవాళ్లకు అదే రంగూ రుచీ ఉన్న ఉత్తుత్తి పానీయం ఇచ్చారు. ఆరు వారాలకు టీ తాగినవాళ్లలో సిస్టోలిక్ పీడనం సగటున 7.2 మిల్లీమీటర్లు తగ్గింది, రెండో గుంపులో 1.3 తగ్గింది. ఇక్కడ పరీక్షించింది సారం నింపిన గొట్టం మాత్ర కాదు, మామూలుగా కాచుకునే టీనే. అందువల్ల ఈ ఫలితానికి హెర్బల్ టీల సాహిత్యంలో ప్రత్యేకమైన విలువ ఉంది. రక్తనాళాలను బిగించే ఆంజియోటెన్సిన్ తయారీకి తోడ్పడే ఎంజైమును ఈ ఆంథోసయానిన్లు అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు చేసే పనీ అదే. కాబట్టి ఆ మాత్రలు వాడుతున్నవాళ్లు దీన్ని రోజూ తాగాలనుకుంటే డాక్టరుకు ఒక మాట చెప్పడం మంచిది. రోజంతా చప్పరిస్తే ఆ పులుపు పంటి ఎనామిల్‌నూ తింటుంది.

చామొమైల్, పుదీనా

యూరప్‌లో నిద్రకు, కడుపు నొప్పికి తాగే చామొమైల్ మన పూలకొట్లలో దొరికే చామంతి కాదు, రెండూ ఒకే కుటుంబానివైనా సరే. చామంతి పూల టీ చైనాది. జర్మన్ చామొమైల్ (మాట్రికేరియా కమొమిల్లా) తైలంలో బిసబొలాల్, దాని ఆక్సైడ్లు ఉంటాయి. దీన్ని ఆవిరి పట్టి తీసినప్పుడు తైలం నీలంగా వస్తుంది. పువ్వులో ఆ నీలం లేదు. మాట్రిసిన్ అనే రంగులేని పదార్థం వేడికి విడిపోయి కమజులీన్‌గా మారడం వల్ల పుడుతుంది.

మనసు కుదుటపరిచే గుణాన్ని ఏపిజెనిన్ అనే ఫ్లేవనాయిడ్‌కు అంటగడతారు. మెదడులో డయజిపామ్ లాంటి మాత్రలు అతుక్కునే చోటనే ఇదీ అతుక్కుంటుందని 1995లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు చూపారు. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆందోళన రుగ్మత ఉన్న 57 మంది మీద ఎనిమిది వారాలు జరిగిన పరీక్షలో కొద్దిపాటి మేలు కనబడింది. అక్కడ ఇచ్చింది ఏపిజెనిన్ పాళ్లు సరిచూసి కట్టిన సారం క్యాప్సూళ్లు. కప్పు టీకి ఆ ఫలితాన్ని అరువిచ్చి అమ్మడమే వ్యాపారంలో జరుగుతున్నది. పుప్పొడి పడనివాళ్లకు, ముఖ్యంగా ఈ కుటుంబపు మొక్కలతో అలర్జీ ఉన్నవాళ్లకు చామొమైల్ కూడా పడకపోవచ్చు.

పుదీనా విషయంలో పప్పులో కాలేసేది జాతి దగ్గర. మన కొత్తిమీర కట్టల పక్కన అమ్మే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ రకం, దాని వాసన కార్వోన్‌ది. మెంథాల్ అందులో నామమాత్రం. నోట్లో చల్లదనం పుట్టించే మెంథాల్ పెప్పర్‌మింట్‌లోనూ, ఉత్తరప్రదేశ్‌లో విరివిగా పండే మెంథా ఆర్వెన్సిస్‌లోనూ ఉంటుంది. మెంథాల్ నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, మెదడు చలి అనుకుంటుంది. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాలను కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మెంథాల్ వాళ్లకు పనిముట్టుగా ఉపయోగపడింది.

పేగుల బిగువు సడలించడంలో పెప్పర్‌మింట్ తైలానికి మంచి రుజువులే ఉన్నాయి. ఐబీఎస్ అనే పేగుల బాధకు దాన్ని పొట్టలో కరగకుండా పూత పూసిన క్యాప్సూళ్లలో ఇస్తారు. పూత ఎందుకంటే, అదే సడలింపు అన్నవాహిక కింది కవాటం దగ్గర జరిగితే ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు భోజనం కాగానే తాగే పెప్పర్‌మింట్ టీ మేలు చేయకపోగా మంట పెంచడానికి కారణం ఇదే. మన రకం స్పియర్‌మింట్ టీ పీసీఓఎస్ అనే హార్మోన్ల రుగ్మత ఉన్న ఆడవాళ్లలో పురుష హార్మోన్లను కొంత తగ్గిస్తుందని టర్కీలో, బ్రిటన్‌లో చిన్న పరీక్షలు జరిగాయి. అవాంఛిత రోమాలు కంటికి కనిపించేంత తగ్గాయని అవి రూఢిగా చూపలేకపోయాయి.

వంటింటి కషాయాలు

2020లో కరోనా వేళ ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రచారం చేసిన ఆయుష్ క్వాథంలో నాలుగు పాళ్లు తులసి, రెండు పాళ్లు దాల్చినచెక్క, రెండు పాళ్లు శొంఠి, ఒక పాలు మిరియాలు. మన ఇళ్లలో జలుబుకు కాచే కషాయానికి ఇది అన్నదమ్ముడే.

శొంఠి కథ రసాయనికంగా ఆసక్తికరమైనది. పచ్చి అల్లంలో ఘాటు జింజరాల్స్‌ది. అల్లం ఎండుతుంటే జింజరాల్ నుంచి ఒక నీటి అణువు విడిపోయి షోగాల్ అవుతుంది, దాని కారం జింజరాల్ కంటే ఎక్కువ. శొంఠి అల్లంకంటే మండటానికి నీరు ఇంకిపోవడం ఒక్కటే కారణం కాదు. వికారానికి, ప్రత్యేకించి గర్భిణుల వేవిళ్లకు అల్లం పనిచేస్తుందనడానికి చాలా పరీక్షలు ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు ఒక గ్రాము పొడి.

తులసి విషయంలో భక్తి, పరిశోధన కలగలిసిపోయాయి. యూజెనాల్, ఉర్సోలిక్ ఆమ్లం, రోజ్‌మరినిక్ ఆమ్లం అందులో ముఖ్యమైనవి. రామతులసి, కృష్ణతులసి మధ్యా, ఊరికీ ఊరికీ మధ్యా వీటి పాళ్లు మారిపోతాయి. మనుషుల మీద జరిగిన 24 అధ్యయనాలను 2017లో ఒకచోట చేర్చి సమీక్షించారు. చక్కెర, ఒత్తిడి, రోగనిరోధక శక్తి విషయాల్లో మొగ్గు తులసి వైపే ఉంది గానీ ఆ అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి.

తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ముందువరస పువ్వు అయిన తంగేడును తమిళనాడులో ఆవారంపూ పేరుతో, శ్రీలంకలో రణవర పేరుతో టీగా కాచుకుంటారు. మధుమేహానికి మంచిదన్న పేరు పెద్దదే. ఆధారాలు చాలావరకు ఎలుకల దగ్గరే ఆగిపోయాయి. దీని బెరడులో టానిన్లు ఎంత ఎక్కువంటే ఒకప్పుడు తోళ్లు పదును చేయడానికి అదే ప్రధాన సరుకు.

శంఖుపుష్పం నీలి టీ అందానిదే. టెర్నాటిన్లు అనే ఆంథోసయానిన్లు నీలాన్నిస్తాయి, నిమ్మరసం పిండితే ఊదారంగుకు తిరుగుతాయి. దక్షిణాఫ్రికా సెడర్‌బర్గ్ కొండల్లో పండే రూయిబోస్‌లో ఆస్పలాథిన్ అనే, మరే మొక్కలోనూ దాదాపుగా కనబడని పదార్థం ఉంది. ఎర్రబడేదాకా మాగబెట్టే క్రమంలో అది చాలావరకు నశిస్తుంది. 2019లో అక్కడి ఖోయ్, సాన్ తెగలకు ఆ పరిశ్రమ రాబడిలో వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది.

డిటాక్స్ పేరుతో

బరువు తగ్గిస్తామని, ఒంట్లో విషాలు కడిగేస్తామని అమ్మే టీల్లో చాలాచోట్ల అసలు పనివాడు తంగేడుకు బంధువైన నేలతంగేడు, అంటే సునాముఖి. ఇందులోని సెనోసైడ్లు చిన్నపేగులో చెక్కుచెదరకుండా వెళ్లి, పెద్దపేగులో సూక్ష్మజీవుల చేతుల్లో రేయిన్ ఆంత్రోన్‌గా మారి విరేచనం చేయిస్తాయి. మలబద్ధకానికి ఇది మంచి మందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ ఉంది. కానీ దీనివల్ల పోయేది నీరూ పొటాషియమే, కొవ్వు కాదు. నెలల తరబడి తాగితే పొటాషియం పడిపోయి కండరాల నీరసం, గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. విషాలను కడిగే పని కాలేయం, మూత్రపిండాలది.

ఎక్కడ జాగ్రత్త పడాలి

గొంతుకు హాయిగా ఉండే అతిమధురంలో గ్లిసిరైజిన్ ఉంటుంది. మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అది ఆపేస్తుంది. దాంతో ఒంట్లో ఉప్పు నిలిచి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పోతుంది. గ్లిసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దని యూరోపియన్ యూనియన్ శాస్త్రీయ సంఘం సూచించింది. మందపాటి దాల్చినచెక్క (కేసియా రకం)లో కాలేయానికి పడని కూమరిన్ ఎక్కువ. పలచగా పొరలు పొరలుగా చుట్టుకునే సిలోన్ రకంలో అతి స్వల్పం. శరీర బరువులో కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదన్న జర్మనీ ఆహార భద్రతా సంస్థ లెక్కన, 60 కిలోల మనిషికి కేసియా పొడి సుమారు రెండు గ్రాములతో హద్దు నిండుతుంది. మిరియాల్లోని పైపరిన్ కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైములను నెమ్మదింపజేస్తుంది, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటివి రక్తంలో పెరిగేలా చేస్తుంది.

తిప్పతీగ గురించి వివాదం నడిచింది. 2020 చివరి నెలల్లో దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. వాళ్లు వాడింది అదే మొక్కేనా, పోలిక ఉన్న వేరే తీగా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రశ్నించింది. మరుసటి ఏడు పలు నగరాల ఆస్పత్రుల నుంచి మరిన్ని కేసులు వచ్చాయి.

అసలు మొక్కకంటే దాంతో పాటు కోసుకొచ్చిన కలుపు ప్రమాదం కావడమూ ఉంది. కొన్ని కలుపు మొక్కల్లో పైరలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. ఇవి కాలేయంలోని సన్నని సిరలను మూసేస్తాయి. జమైకాలో బుష్ టీ తాగిన పిల్లల్లో ఈ జబ్బును 1950లలో గుర్తించారు. కారణమైన మొక్కల్లో ఒకటి క్రోటలేరియా, మన పచ్చిరొట్ట పైరు జనుము ప్రజాతిదే. 2013లో జర్మనీలో అంగడి టీలలో ఈ ఆల్కలాయిడ్లు బయటపడ్డాక, 2022 జూలై నుంచి యూరోపియన్ యూనియన్ ఎండు హెర్బల్ టీకి కిలోకు 200 మైక్రోగ్రాములు, చామొమైల్, పెప్పర్‌మింట్, రూయిబోస్ లాంటి కొన్నిటికి 400 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టింది.

రక్తహీనత ఉన్నవాళ్లకు మరో చిక్కు. భోజనంతో పాటు తాగితే పాలిఫినాల్స్ ఇనుమును పట్టేసుకుంటాయి. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో రొట్టెతో పాటు పెప్పర్‌మింట్ టీ తాగినప్పుడు ఇనుము శోషణం 84 శాతం, చామొమైల్‌తో 47 శాతం తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో సగానికి మించిన ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. భోజనానికీ టీకీ గంటా రెండు గంటల ఎడం ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. వేడి గురించి కూడా చెప్పాలి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమవుతాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. యెర్బా మాటే మీద ఉన్న అనుమానం ఆకు కంటే పొగలు కక్కుతూ తాగే అలవాటుకే చెందుతుందని అప్పుడే ఆ సంస్థ చెప్పింది.

పసిపిల్లలకు కడుపునొప్పి అంటే వాము నీళ్లో సోంపు నీళ్లో పట్టడం చాలా ఇళ్లలో మామూలు. సోంపులో అనెథోల్‌తో పాటు ఈస్ట్రగోల్ ఉంటుంది, జంతువుల్లో అది కాలేయ కణితులు పుట్టించింది. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ నాలుగేళ్ల లోపు పిల్లలకు సోంపు టీ సిఫారసు చేయదు. 2003లో అమెరికాలో అనాసపువ్వు టీ తాగి నలభై మంది దాకా, అందులో పదిహేను మంది చంటిపిల్లలు, మూర్ఛల వంటి లక్షణాలతో జబ్బుపడ్డారు. చూడటానికి అచ్చం అలాగే ఉండే విషపూరితమైన జపాన్ రకం కలిసిందన్న అనుమానంతో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.